ఆవిరి కంటే ముందు మనుషులు

భోజనాల వేళ దగ్గర పడుతోంది కనుక సూటిగా విషయానికి వస్తాను.

భూమి లోపలి వేడితో కరెంటు అనగానే మనకి ఐస్లాండు గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది కెన్యా సంగతి. నైవాషా సరస్సు దగ్గర ఒల్కారియాలో 1981లో 15 మెగావాట్ల యూనిట్‌తో మొదలుపెట్టారు. ఈనాడు ఆ దేశపు కరెంటులో సుమారు 40 శాతం భూతాపానిదే.

ఇందులో చిక్కు యంత్రాలది కాదు. డబ్బిస్తే టర్బైన్లు జపాను నుంచి వస్తాయి. రెండు మూడు కిలోమీటర్ల లోతున ఆవిరి ఉందో లేదో తవ్వితే గాని తెలియదు. ఒక్కో బావికి మిలియన్ల డాలర్లు. ఆవిరి పడకపోతే మట్టిపాలే. అందుకే ఆవిరి కనబడేదాకా ప్రైవేటు పెట్టుబడి గడప తొక్కదు. ఆ మొదటి నష్టం ప్రభుత్వమే భరించాలి. భరించాలంటే పని తెలిసిన సొంత ఉద్యోగులుండాలి.

ఐస్లాండులో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 1979లో మొదలుపెట్టిన ఆరు నెలల శిక్షణకి కెన్యా దశాబ్దాల తరబడి తన ఇంజనీర్లని పంపింది. అందరికంటే ఎక్కువమందిని పంపిన దేశం అదే. సొంత రిగ్గులు కొన్నారు. 2008లో ఆవిరి తీసి అమ్మడానికే జి.డి.సి. అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. ప్రభుత్వానికే ఎక్కువ వాటా ఉన్న కెన్‌జెన్ ఇథియోపియా, జిబూతీలకి వెళ్ళి బావులు తవ్వింది.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. మెనెంగాయిలో 2011లో తవ్వకం మొదలైతే, మొదటి ప్రైవేటు ప్లాంటు నడిచింది 2023లో. పన్నెండేళ్ళు! మన సాఫ్ట్‌వేర్ వాళ్ళయితే ఈలోగా నాలుగు కంపెనీలు మారతారు. అన్నాళ్ళు జీతమిచ్చి మనుషుల్ని నిలుపుకోవడం, నా లెక్కలో, బావి తవ్వడం కంటే కష్టం.

ఇక మన దగ్గర. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. మీ వీధిలో రెండు మూడిళ్ళ సోలార్ ప్యానెళ్ళంత. నవ్వకండి. గోదావరి లోయ వేడి కెన్యా అగ్నిపర్వతాల వేడికి సాటిరాదు, నిజమే. కానీ సింగరేణిలో బోర్లు వేయడం తెలిసినవాళ్ళున్నారు, హైదరాబాదులో ఎన్.జి.ఆర్.ఐ. ఉంది. వేడి నీటి బావి తీరు ఏళ్ళ తరబడి గమనించి నడిపిన అనుభవమే కొరత.

ఆ అనుభవం ఈ హాల్లో ఉండొచ్చు. కాలిఫోర్నియా, నెవాడా భూతాప ప్లాంట్లలో పనిచేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఇండియా వెళ్ళినప్పుడు రెండు వారాలు అక్కడివాళ్ళకి పాఠం చెప్పడానికి ఒప్పుకుంటారా? భోజనాల దగ్గర, కుడివైపు చివరి బల్ల దగ్గర ఉంటాను.