మన ఊరి నక్షా మనమే దిద్దుకుందాం

(పిట్లంలో జరిగిన మన సంఘ సమావేశంలో, సర్వే శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం సంగతి మాట్లాడవలసిన వారు మాట్లాడారు. నాకు అప్పజెప్పింది పటాల సంగతి. ముప్ఫై ఏళ్లు గొలుసు పట్టినవాణ్ణి గనుక కాదనలేకపోయాను. 33 అడుగుల గొలుసు పొడవు, అంతే వెడల్పు నేల ఒక గుంట. 40 గుంటలు ఎకరం. ఇక్కడున్న చాలామందికి ఈ లెక్క నోటికి వచ్చినదే.

కిందటి వానాకాలం ఒక రాత్రి మా ఆవిడకు గుండెలో నొప్పి వచ్చింది. పిలిచిన కారు డ్రైవరు ఫోనులోని పటాన్ని నమ్ముకుని చెరువు కట్ట దాకా పోయి ఆగిపోయాడు. పటంలో ఉన్న బాట ఎప్పుడో కోసుకుపోయింది. మేముండే వీధి అందులో లేనే లేదు. ఇరవై నిమిషాలు వృథా అయ్యాయి. దేవుడి దయవల్ల ఆమె ఇవాళ ముందు వరసలోనే కూర్చుని ఉంది. ఊళ్లు కొలిచి బతికినవాడి ఇల్లు పటంలో లేదంటే నాకు సిగ్గేసింది.

"తాతా, మనం దిద్దుకోగలిగే పటం ఒకటుంది" అన్నాడు మనుమడు. పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. ఎవరైనా ఖాతా తెరిచి తనకు తెలిసిన బాటను, బావిని ఎక్కించవచ్చు. దాని పేరు చెప్పి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడివారో ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి రాజధాని వీధులు గీసిపెట్టారు. సహాయక సిబ్బందికి ఆ పటమే అక్కరకొచ్చింది.

మావాడు ఫోను పట్టుకుని వీధి వెంట నడిచాడు. నడిచిన దారిని జీపీఎస్ చుక్కలుగా రాసుకుంది. ఇంటికొచ్చి కంప్యూటరులో ఆ చుక్కల వెంట గీత గీశాడు. అంతే, వీధి వచ్చింది! అయితే ఫోను కొలత కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది. గొలుసు పట్టినవాడికి ఇది మింగుడు పడదు. దారి చూపడానికి చాలు, గట్టు తగాదాకు పనికిరాదు. దీన్ని పట్టుకుని దయచేసి ఎవరూ తహసీల్దారు దగ్గరికి పోకండి. ఇతర కంపెనీల పటాలు చూసి ఇందులోకి నకలు దించడం కూడా కూడదు.

ఈ పటాన్ని తెరమీద వేలితో జరిపేలా, గుర్తును తాకితే వివరం కనబడేలా చేసేది లీఫ్‌లెట్ అనే చిన్న ప్రోగ్రాము. ఉక్రెయిన్ యువకుడు వొలొదిమిర్ అగాఫోంకిన్ 2011లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. మావాడు పదిహేను వరసలు రాసి పిట్లం పటం తెరిచి చూపించాడు. ప్రోగ్రాము రాయడం రానివారికి యూమ్యాప్ ఉంది. ఆర్గానిక్ మ్యాప్స్‌లో పటాన్ని ముందే దింపుకుంటే నెట్ అందని చోట కూడా ఫోను దారి చూపుతుంది.

అన్నీ తెలిసిన మనుమడు పేర్ల దగ్గర మాత్రం ఆగిపోయాడు. మన 161వ జాతీయ రహదారి ఏ పటంలోనైనా దొరుకుతుంది. దాని మీదనుంచి లోపలికి తిరిగే బాట పేరేమిటి? ఆ కుంటను ఏమని పిలిచేవారు? అక్కడ ఈ ముసలివాడి అవసరం పడింది. తెలుగు పేరు రాయడానికి అందులో వేరే గడి ఉంది. మన ఊరివి చాలా గడులు ఖాళీగానే ఉన్నాయి. పూడిపోయి ప్లాట్లయిన కుంటల పేర్లు మన నోళ్లలో తప్ప ఎక్కడా లేవు. ఇప్పుడు లేనిదాన్ని ఆ పటంలో పెట్టరు. కాబట్టి వాటిని యూమ్యాప్‌లో వేరే పొరగా పెడదామనుకుంటున్నాం.

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు బస్టాండు దగ్గర కలుద్దాం. ఫోను వాడగల పిల్లనో పిల్లవాణ్ణో వెంట తీసుకురండి. నడవలేనివారు తమకు గుర్తున్న కుంటలు, తండాల బాటల పేర్లు కాగితం మీద రాసి పంపండి. ఒకే కుంటకు రెండు పేర్లు వస్తే రెండూ రాస్తాం, కొట్లాట వద్దు.