వంకరపోయిన వేళ్లు, నిలబడిన వెలుగు



ఏటేటా మన సమాఖ్య వార్షికోత్సవంలో మన నేతపెద్దలను తలుచుకుంటాం. ఈసారి మగ్గం ఎక్కని ఒక పెద్దాయనను తలుచుకోవాలనుకున్నాం. ఆయన కూడా మనలాగే తమిళనాట తెలుగు ఇంట పుట్టినవారు. మన కూడు కళ్లమీదే కదా! ఆ కళ్లకోసమే బతికినవారు. ఆయనే మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి కట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు.

1918 అక్టోబరు 1న ఎట్టయపురం దగ్గర వడమలాపురంలో రైతు ఇంట పుట్టారు. ఊరి బడిలో కాగితం, పెన్సిలు లేక ఏటి ఇసుక పరిచి దానిమీద అక్షరాలు దిద్దుకున్నారు. చుట్టాల ఆడపిల్లలు ముగ్గురు కాన్పు కష్టాలతో పోవడం చిన్నతనంలోనే చూశారు. కాన్పుల డాక్టరు కావాలని అప్పుడే మనసులో పెట్టుకున్నారు. మదురై అమెరికన్ కాలేజీలో చదివి, 1944లో మద్రాసు స్టాన్లీ కాలేజీలో వైద్యం పూర్తిచేసి, సైన్యంలో డాక్టరుగా చేరారు.

అక్కడే దెబ్బ తగిలింది. కీళ్లవాతం వచ్చి మంచాన పడ్డారు. 1948లో సైన్యం వదిలి రావలసివచ్చింది. వేళ్లు వంకరపోయాయి, పెన్ను పట్టడమే కష్టమైంది. కాన్పుల వైద్యం ఇక కుదరదు. ఇంకొకరైతే 'తలరాత' అని ఊరుకుందురు. ఆయన కంటి వైద్యం చదివారు. ఆ వంకర వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకున్నారు. పన్నెలో పోగు పట్టే మనకు తెలుసు, కంటి పని ఎంత సన్నటి పనో! ఆ చేతులతో ఆయన జీవితంలో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు.

1956 నుంచి ఇరవై ఏళ్లు మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగం నడిపారు. పల్లెపల్లెకూ పోయి కంటి శిబిరాలు పెట్టారు. 1973లో పద్మశ్రీ వచ్చింది. 1976లో, 58వ ఏట రిటైరయ్యారు. మనవాళ్లయితే ఆ వయసుకు అరుగుమీద కూర్చుందాం అనుకుంటారు. ఆయన మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో ఆసుపత్రి మొదలుపెట్టారు. చేతిలో పెద్ద డబ్బు లేదు. తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు కలిసివచ్చారు. ఉన్న ఆస్తి, నగలు తాకట్టుకు పోయాయి. ఆయన పెళ్లి చేసుకోలేదు, ఆ ఆసుపత్రే ఆయన సంసారం.

ఆయన పని పద్ధతి మన ఇంటి పద్ధతే అనిపిస్తుంది. మన ఇంట్లో ఒకరు కండెలు చుడతారు, ఒకరు పడుగు సిద్ధం చేస్తారు, మగ్గంమీద ఉన్నవారు నేత ఆపకుండా నేస్తారు. అక్కడా అంతే. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, రోగిని సిద్ధం చేసే పని వాళ్లకు అప్పగించారు. ఒక బల్లమీద ఆపరేషన్ ముగిసేలోపు పక్క బల్లమీద ఇంకొకరు సిద్ధం. డాక్టరు చేతికి ఖాళీ ఉండదు. ఖర్చు తగ్గింది, చూపు దక్కినవాళ్లు పెరిగారు. డబ్బు కట్టగలిగినవాళ్లు కట్టినదానితోనే కట్టలేనివాళ్లకు వైద్యం జరిగింది. కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుంచి తెస్తే పేదవాడికి అందని ధర. అందుకని 1992లో ఆరోలాబ్ పెట్టి ఇక్కడే తయారు చేయించారు. తిరునల్వేలి తరవాత 1997లో మన కోయంబత్తూరుకూ ఆ ఆసుపత్రి వచ్చింది.

చేతినుంచి ఇచ్చే దానం చెయ్యి ఆగితే ఆగిపోతుంది. ఆయన ఆగని ఏర్పాటు కట్టారు. 2006 జూలై 7న ఆయన కన్నుమూశారు. ఆసుపత్రి మాత్రం ఒక్కరోజూ కన్ను మూయలేదు.

ఇప్పుడు మన సంగతి. నలభై దాటగానే పోగు మసకగా కనబడుతుంది. తెగిన పోగు అతకడానికి మనవణ్ణి పిలుస్తాం. తరవాత 'వయసయింది' అని మగ్గం దిగిపోతాం. అవ్వ గడపకు తట్టుకుని పడ్డా 'ముసలితనం' అంటాం. అది ముసలితనం కాకపోవచ్చు. ఒక కళ్లజోడుతో పోయే మసక కావచ్చు, ఆపరేషన్‌తో పోయే శుక్లం కావచ్చు. చక్కెర జబ్బు, కంటి నీటి ఒత్తిడి అలా కాదు, అవి తీసుకుపోయిన చూపు తిరిగిరాదు. అందుకే ముందే చూపించుకోవాలి.

ఈ మాట మేము ఇతరులకు చెప్పేది కాదు. మా ఇళ్లలోనూ ఇలాగే ఆలస్యం చేసి, పెద్దలను చీకట్లో కూర్చోబెట్టినవాళ్లం. ఆ తప్పు ఒప్పుకుంటూనే అడుగుతున్నాం. ఈ పండక్కి ఇంట్లో పెద్దలకు పంచె, చీర పెట్టండి, దానితోపాటు ఒకపూట వాళ్ల చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకుపోండి. బస్సు ఖర్చు లేని ఇల్లు ఉంటే సమాఖ్యకు చెప్పండి, మనలో మనం సర్దుకుందాం.

వంకర వేళ్లతో ఆయన అంత చేశారు. చక్కటి వేళ్లున్న మనం ఈ మాత్రం చేయలేమా?

చౌడేశ్వరి అమ్మవారు మన మగ్గాలను, మన కళ్లను చల్లగా చూడాలి.