బి6-2కు బదులు బి6-6
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "అమెరికా అనుభవాలు" చెప్పమన్నారు. నయాగరా గురించి మీరు ఇదివరకే నలుగురి నోట విన్నారు. నేను రాకెట్ మోటార్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. ముప్ఫై మూడేళ్లు ట్రెజరీలో బిల్లులు చూసిన గుమాస్తాకు రాకెట్లతో ఏం పని అని మా ఆవిడ కూడా నవ్వింది.

మా రెండోవాడు ఒహాయోలో ఉంటాడు. వాడి కొడుక్కి పన్నెండేళ్లు. అట్టగొట్టం, తేలికపాటి కర్ర రెక్కలు, ప్లాస్టిక్ ముక్కుతో రాకెట్ చేసి, ఆదివారం మైదానంలో ఎగరేస్తాడు. పైకి వెళ్లాక చిన్న పారాషూట్ విచ్చుకుని మెల్లగా దిగుతుంది. మందు మాత్రం ఇంట్లో కలపరు. కాగితపు గొట్టంలో తుపాకిమందు దట్టించిన మోటారు కొట్లో దొరుకుతుంది. ఈ ఏర్పాటు వెనుక ఒక చెప్పుల షాపు యజమాని ఉన్నాడు. నెబ్రాస్కాలోని నార్ఫోక్ ఊరివాడు, పేరు ఆర్విల్ కార్లైల్. 1954లో సోదరుడితో కలిసి మొదటి మోడల్ రాకెట్ చేశాడు. పిల్లలు తెలిసీ తెలియక మందులు కలిపి చేతులు కాల్చుకుంటున్న రోజులవి. తరువాత వెర్న్ ఎస్టెస్ అనే ఆయన మోటార్లు చేసే యంత్రం కట్టి దానికి "మేబెల్" అని ఆడపిల్ల పేరు పెట్టుకున్నాడు.

ప్రతి మోటారు మీదా ఒక కోడ్ ఉంటుంది. బి6-4 అని, సి6-5 అని. మనవడు చెప్పగానే నాకు పే స్కేళ్లు గుర్తొచ్చాయి. అక్షరం అంటే స్కేలు, మోటారు ఇచ్చే మొత్తం శక్తి ఏ శ్రేణిలో ఉందో చెబుతుంది. ఎ అంటే 1.26 నుంచి 2.50 న్యూటన్-సెకన్లు, బి అంటే 5 వరకు, సి అంటే 10 వరకు, డి అంటే 20 వరకు. మెట్టు మెట్టుకీ రెట్టింపు. మన పీఆర్సీలు ఏనాడూ అంత ఉదారంగా లేవు. సి అన్నంత మాత్రాన పూర్తి 10 చేతికందదు, సి6 అనేది పరీక్షలో ఇంచుమించు 8.8 ఇస్తుంది. స్కేలు గరిష్ఠం వేరు, చేతికొచ్చే జీతం వేరు, మనకు తెలియనిదా!

నడిమి అంకె సగటు తోపుడు, న్యూటన్లలో. 6 అంటే సుమారు 600 గ్రాముల బరువును మోసేంత బలం. రాకెట్ బరువుకు ఐదింతల తోపుడుండాలని వాడుక లెక్క. అంటే 120 గ్రాములు దాటిన రాకెట్‌ను ఇలాంటి మోటారుకు అప్పగించకూడదన్నమాట. చివరి అంకె అసలైనది. మందు కాలిపోయిన తరువాత ఎన్ని సెకన్లకు లోపలి చిన్న పేలుడు పారాషూట్‌ను బయటికి నెడుతుందో అది చెబుతుంది. తేలికైన రాకెట్ చాలాసేపు పైకి పోతుంది కనుక ఎక్కువ సెకన్లు కావాలి. బరువైనదైతే తొందరగా ఆగి తల తిప్పుతుంది, తక్కువ చాలు. సున్నా ఉంటే అది కింది అంతస్తు మోటారు, ఆలస్యం ఉండదు.

నేను తప్పు చేసింది ఈ చివరి అంకె దగ్గరే.

వాడు సొంతంగా చేసిన రాకెట్ ఒకటుండేది. జిగురు దండిగా పోశాడు, మోటారుతో కలిపి 110 గ్రాములు తూగింది. దానికి బి6-2 కావాలి. మోటార్లన్నీ పాకెట్ల నుంచి తీసి ఒకే డబ్బాలో వేసుకున్నాం. ఆ రోజు "తాతయ్యా, బి6-2 ఇవ్వు" అన్నాడు. కళ్లజోడు కారులో ఉంది. అక్షరాలు చీమ తలకాయలంత. నేను తీసి ఇచ్చింది బి6-6.

పదిహేను అడుగుల దూరంలో నిలబడి మీట నొక్కాడు. లేచింది. ఎంతో ఎత్తు పోలేదు, తల తిప్పింది. పారాషూట్ రాలేదు. మొక్కజొన్న కంకిలా ముక్కు కిందికి పెట్టి సూటిగా వచ్చి నేలలో దిగబడ్డాక, అప్పుడు "టప్" మని పేలింది. అక్కడికి ఏడెనిమిది అడుగుల దూరంలో ఒకావిడ చంటిబిడ్డను తోపుడు బండిలో పెట్టుకుని నడుస్తోంది. ఆవిడ మా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

కారులో మనవడు మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగేముందు అన్నాడు: "నేను చూశాను తాతయ్యా, 6 అని. నువ్విచ్చావు కదా, కరెక్టే అనుకున్నా." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సర్వీసులో నా చేతి మీదుగా పోయిన బిల్లులో అంకె తప్పితే ఆడిటువాళ్లు పట్టుకునేవారు, రికవరీ పెట్టేవారు. దీనికి రికవరీ ఏముంది? కోడలు "ఇక చాలు మామయ్యగారూ, ఆ డబ్బా అటకమీద పెట్టేద్దాం" అంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు. నేను ఒక వారం గడువు అడిగాను.

మన ఆఫీసుల్లో స్టాక్ ఫైలు ఉండేది, గుర్తుందా? జీవోలు ఎక్కడున్నాయో వెతుక్కోకుండా చేతికందేలా. అలాంటిదే ఒకటి మొదలుపెట్టాను. రాకెట్‌కొక పేజీ, సర్వీసు రిజిస్టరు లాగా: బరువు, మోటారు గొట్టం వ్యాసం 13 మిల్లీమీటర్లా, 18ఆ, 24ఆ, ఏ మోటారు సరిపోతుంది, ఏది పనికిరాదు. ఎగిరిన ప్రతిసారీ తేదీ, వాడిన మోటారు, పారాషూట్ పైకి పోతుండగా విచ్చుకుందా, దిగుతుండగానా. ఈ చివరి గడి నింపితే రెండు మూడుసార్లకే సరైన ఆలస్యం తెలిసిపోతుంది. మోటార్లు కోడ్ వారీగా వేరు వేరు సంచుల్లోకి మారాయి. రిజిస్టరు మైదానానికి మోయలేం కనుక, దాన్నుంచి జేబులో పట్టే అట్ట ఒకటి తీశాను. పెద్ద అక్షరాలు, నల్ల సిరా, పైన ప్లాస్టిక్ పొర. వెనుక వైపు: గాలి గంటకు 20 మైళ్లు దాటితే ఎగరేయవద్దు. వెలగకపోతే ముందు తాళం తీసి, 60 సెకన్లు ఆగి వెళ్లు. రెండోది ఎందుకంటే, మావాడికి అంత ఓపిక లేదు.

అట్ట ఒక్కటీ చాలదని నాకు తెలుసు. అంకె వాడు చూసి కూడా నోరు మెదపలేదు కదా. అందుకని ఇద్దరి పొడి సంతకాల పద్ధతి పెట్టాను. వాడు మోటారు మీది కోడ్ పైకి చదవాలి, నేను అట్టలో చూసి ఔననాలి, ఇద్దరం టిక్కు పెట్టాలి. "నేను తప్పు చెబితే నన్ను ఆపాలి, తెలిసిందా?" అన్నాను. మూడో వారమే ఆపాడు. నేను వరుస తప్పి పక్క గడి చదివాను. వాడి మొహంలో ఆ వెలుగు చూడాలి మీరు! కోడలు అప్పటినుంచి కుర్చీ వేసుకుని చూడటానికి వస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు మీకు చూపడానికి ఒక మోటారు తెద్దామనుకున్నాను. మందు ఉన్నది కనుక విమానంలో తేనివ్వరు. అట్ట నకలు మాత్రం తెచ్చాను, ఇదిగో, వెనుక వరుసలవారికి కూడా కనిపిస్తుందనుకుంటాను. ఇప్పుడు వాడు మైదానం నుంచి ఫోనులో కోడ్ చదువుతాడు, నేనిక్కడ చూసి చెబుతాను. అక్కడ ఆదివారం ఉదయం పది, ఇక్కడ రాత్రి ఏడున్నర. ఈవేళ ఆదివారమే కనుక, భోజనాలకు ఆగకుండా బయలుదేరుతున్నందుకు పెద్దలు క్షమించాలి.

సెలవు.