బల్బు కొనేముందు

షేక్‌పేట ఫ్లైఓవర్ మీద రాత్రివేళ, ముందున్న కారు ఆగుతోందని వెనకవాళ్లకు తెలిపేది బ్రేక్ లైటే. అది వెలగకపోతే చాలామంది నేరుగా బల్బు మార్పిస్తారు. ముందు ఎన్ని లైట్లు పోయాయో చూడాలంటాను. ఒకవైపుదే పోతే బల్బునో, హోల్డర్‌నో అనుమానించాలి. రెండు వైపులా ఒకేసారి ఆరిపోయాయా? రెండు బల్బులూ కలిసి కాలిపోవడం అరుదు. ఫ్యూజునో, బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్‌నో చూడాలి. బ్రేక్ నొక్కితే పక్కనున్న ఇండికేటర్ మసకగా వెలుగుతుంటే అది చాలావరకు ఎర్త్ లోపమే. వానలకు తడి చేరి హోల్డర్‌లో పచ్చటి చిలుము పడితే, కరెంటు తిరిగివెళ్లే దారి దొరక్క పక్క బల్బు గుండా పోతుంది. ఇగ్నిషన్ ఆపి, బల్బు తీసి, సన్నటి గరుకు కాగితంతో ఆ చిలుము గీకితే చాలాసార్లు కొత్త బల్బుతో పనే ఉండదు.

ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లు విప్పడానికి రావు కదా అనవచ్చు. నిజమే, సీలు వేసిన లైటు మెకానిక్ పనే. కానీ ఫ్యూజు, స్విచ్ ఆ బండ్లకూ ఉంటాయి. లైటు మొత్తం మార్చే ఖర్చుకు ముందు అవి చూసుకోవడం న్యాయం. ఫ్యూజు విషయంలో మాత్రం రాజీ వద్దు: 10 ఆంపియర్లది పోతే 10దే వేయాలి. పెద్దది వేసినా, రాగి తీగ చుట్టినా షార్ట్ అయినప్పుడు వైరింగే కాలి, కారు అంటుకోవచ్చు. కొత్తదీ వెంటనే పోతే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఈ రాత్రే బండి వెనక భాగం గోడవైపు నిలిపి, బ్రేక్ నొక్కి, రెండు వైపులా ఎర్రటి వెలుగు పడుతోందో లేదో అద్దాల్లో చూసుకోండి.