పుట్టుకయే నేరమా?



రుజువగువఱకు ముద్దాయిని నిర్దోషిగా నెంచుట న్యాయస్థాన ధర్మము. మన యెఱుకలవారి విషయమున నా ధర్మము తలక్రిందయ్యెను. 1911వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టము క్రింద మద్రాసు రాజధానిలో వారనేకులు పోలీసు పట్టీల కెక్కిరి. వేళకు హాజరు చెప్పవలసిన వారైరి. సెలవులేక యూరు దాటరాని గంపలల్లువాడు సంత కెట్లు పోగలడు? వాని బిడ్డకు చదువెట్లబ్బును?

1952లో దేశమంతట నా శాసనము రద్దయ్యెను. శంక మాత్రము రద్దు కాలేదు. చెఱసాలలలో కులమునుబట్టి పని పంచు నిబంధనలు చెల్లవని సర్వోన్నత న్యాయస్థానము 2024 అక్టోబరు 3న చెప్పవలసివచ్చెను గదా!

చిత్తూరు, తిరుపతి న్యాయవాదులకు నా విన్నప మొక్కటే: దొంగతనము జరిగినంతనే యెఱుకలవాని పట్టి తెచ్చినచో, కులము నడుగక సాక్ష్యము నడుగుడు. ఒక బాలుని బ్రతుకు మన ప్రశ్నపై నిలిచియున్నది.