తాగుడు మానదలచినవారి సభకు దారి

(ముంబయి తెలుగువారి ఉగాది సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం కాగానే తాగుడు ఊసు ఎందుకని పెద్దలు కొందరు మొగం చిట్లించారు. అయినా కార్యదర్శిగారు మాకు పది నిమిషాలు ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. ఆదాయ వ్యయాలు ఇప్పుడే విన్నాం గదా. మన ఇళ్ళు కొన్నిటిలో వ్యయం పంచాంగానికి ఎక్కని పద్దు కింద పోతున్నది.

పాలమూరు నుంచి కట్టడాల పనికి వచ్చినవారు, మగ్గం వదలి మిల్లుల్లో చేరిన పద్మశాలీలు, ఈ నగరంలో మనవారి పునాది వీరే. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో వేల ఇళ్ళలో జీతం నిలిచిపోయింది. సీసా మాత్రం నిలవలేదు. తప్పంతా సమ్మెదేనని మేము అనము. తాగేవానికి జీతం వచ్చినా కారణమే, రాకున్నా కారణమే. ఊళ్ళోనైతే మేనమామో పెదనాన్నో వచ్చి గద్దించేవాడు. ఇక్కడ పది అడుగుల గదిలో, పక్కగదికి వినపడకుండా ఏడవాలి. పిల్ల సంబంధం చెడుతుందని నోరు మూసుకోవాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణం మూయించడం ఒక పని, మనిషి చేత మాన్పించడం మరొక పని. ఈ రెండో పనికి ఒక దారి ఉన్నది.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణానికి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పనిమీద వెళ్ళాడు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. పని చెడింది, హోటలులో ఒంటరి, ఎదుట మద్యశాల. అప్పుడాయన తనవంటి తాగుబోతు మరొకడు ఎక్కడైనా దొరుకునా అని ఫోనుల మీద ఫోనులు చేశాడు. దొరికినవాడు బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. వీరిద్దరి మాటామంతీ నుంచే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ పుట్టింది. మన దేశంలో 1957లో ఈ బొంబాయిలోనే మొదలైంది. అప్పుడు ఇక్కడ మద్యనిషేధ చట్టం అమలులో ఉన్న సంగతి గమనించండి!

ఇక సభను కనుక్కోవడం. 14446 అనేది వ్యసనాల విషయంలో కేంద్రప్రభుత్వం నడిపే ఉచిత ఫోను. 14416కు చేస్తే మానసిక ఆరోగ్య సలహా తెలుగులోనూ దొరుకుతుంది. సభల చిరునామాలు ఆ సంస్థవారే ఇస్తారు. అడగవలసినవి అడగండి: ఏ భాషలో జరుగుతుంది, ఏ అంతస్తు, ఇంటివారు రావచ్చునా అని. కొన్ని సభలకు ఎవరైనా వెళ్ళవచ్చు, కొన్ని తాగుడు మానదలచినవారికే పరిమితం.

మనవారు చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. గది చర్చి ఆవరణలో ఉంటే, మతం మారుస్తారేమో అని అనుమానం. ఆ సంస్థ ఏ మతానికీ చెందదు, గది వాడుకుంటుంది, అంతే. దేవుని మాట వస్తుంది, ఎవరికి తెలిసిన దేవుడు వారికి. లోపల కుర్చీలు, టీ, పాతిక మందో పది మందో. ఒక్కొక్కరు లేచి పేరు మాత్రం చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పుకొని, తన కథ చెబుతారు. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. కొత్తవారు మాట్లాడనక్కరలేదు, విని రావచ్చు. రుసుము లేదు. చివర ఒక సంచి తిరుగుతుంది, సభ్యులు తోచింది వేస్తారు. ఎంత ఇస్తామన్నా బయటివారి విరాళం పుచ్చుకోరు. సంఘాలు నడిపే మనకు ఇది విడ్డూరంగానే తోస్తుంది!

ఒక్క హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. ముందు డాక్టరుకు చూపించాలి. సభ మందు ఇవ్వదు, మందుకు బదులూ కాదు.

భర్త రానంటే ఏమిటి గతి? ఇంటివారికి 1951లో లోయిస్ విల్సన్, ఆ బిల్ విల్సన్ భార్యే, మరికొందరితో కలిసి అల్-అనాన్ అనే వేరు సంస్థ పెట్టింది. మా చాలులోని ఒక చెల్లెలు ముందు అక్కడికి తానే వెళ్ళింది. ఆయన అప్పు తాను తీర్చడం, డ్యూటీకి జ్వరమని కబురు పంపడం మానింది. మూడో నెలలో ఆయనే "ఎక్కడికి పోతున్నావు?" అని అడిగాడు. తర్వాత తానూ తన సభకు వెళ్ళాడు. గణపతి పండుగలో మళ్ళీ తాగాడు. వాళ్ళు గెంటివేయలేదు, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకోమన్నారు. నిన్నటిదాకా ఆ లెక్క తప్పలేదు. రేపటి సంగతి ఆయనా చెప్పడు, మేమూ చెప్పము.

మొదటిసారి ఒంటరిగా మెట్లెక్కడం కష్టం. మాలో ఇద్దరం ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి సంఘం గ్రంథాలయంలో కూర్చుంటాం. ఎవరు వచ్చినా గుమ్మందాకా తోడు వస్తాం. పుస్తకంలో పేరు రాయము.