ఒంటికి తగిలేది రబ్బరు పైపొరే
(మురమళ్ళలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రసాయనశాస్త్రం బోధించి రిటైరయినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. మన వయసులో ప్రోస్టేట్ ఇబ్బందికో, ఆపరేషన్ తరువాతో చాలామందికి మూత్రపు గొట్టం, అంటే కేథటర్, అవసరపడుతుంది. దాని గురించే నాలుగు మాటలు.

1930లలో అమెరికా వైద్యుడు ఫోలీ రూపొందించిన ఈ గొట్టాన్ని ఎక్కువగా రబ్బరు చెట్టు పాలతో చేస్తారు. అది మెత్తగా సాగుతుంది. కాని ఒంటికి తగిలేది దాని పైపొరే. అది గరుకైతే ఒరుసుకుంటుంది. రేవు మెట్లకు పాచి పట్టినట్టు క్రిములు చేరి జిగురుపొర కడతాయి. ఆ పొరలోని క్రిములు మందులకు ఒక పట్టాన లొంగవు.

అందుకే రబ్బరును అలాగే ఉంచి పైపొరను మారుస్తారు. సిలికోన్ పూత నునుపునిస్తుంది. కాని చేమాకు మీదలా దానిపై తడి నిలవదు. నీటిని పీల్చుకునే హైడ్రోజెల్ పూత జారుడుగా ఉండి ఒరిపిడి తగ్గిస్తుంది. వెండి కలిపిన పూత క్రిములను ఆపుతుందని ఆశించారు. 2012లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో, ఏడువేల మందికి పైగా రోగులలో, కొద్దిరోజులు ఉంచే గొట్టాలకు దానివల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

కనుక పూతను నమ్మి ఊరుకోరాదు. గొట్టం ఏ రకమో, ఎప్పుడు తీస్తారో డాక్టరుగారిని అడగండి. రబ్బరు పడనివారు ముందే చెప్పండి. పూర్తిగా సిలికోన్‌తో చేసినవీ ఉన్నాయి. సంచి పొత్తికడుపుకు దిగువన, నేలకు తగలకుండా ఉండాలి. ముట్టుకునే ముందూ తరువాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చలిజ్వరం వస్తే మొహమాటపడి ఇంట్లో దాచకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

సెలవు.